అమ్మా, రేపు నువ్వే వస్తావు కదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి ఎనిమిదేళ్లు. మూడో తరగతి. దసరా సెలవులయ్యాక స్కూలు తెరిచిన రోజు నుంచి పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. యూనిఫాం వేసేసరికి మెలికలు తిరిగిపోతాడు. ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండదు. స్కానింగ్ తీయించాం, మూత్ర పరీక్ష చేయించాం, అన్నీ నార్మల్. మావారు ‘అంతా నాటకం, రెండు తగిలిస్తే అదే పోతుంది’ అంటారు. అత్తయ్యగారు దిష్టి తీస్తున్నారు. వాడి ఏడుపు చూడలేక నేను వారానికి రెండు మూడు రోజులు ఇంట్లోనే ఉంచేస్తున్నాను. రాత్రి పడుకోబోతూ ‘రేపు నువ్వే వస్తావు కదా, లేటవదు కదా’ అని ఇరవైసార్లు అడుగుతాడు. సెలవులకు ముందు మా నాన్నగారు ఆస్పత్రిలో చేరిన రోజు వాణ్ని తీసుకురావడానికి గంటన్నర ఆలస్యంగా వెళ్లాను. స్కూలు మార్చమంటారా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ఉత్తరమంతా కడుపునొప్పి గురించి రాసి, అసలు సంగతి చివర్లో చెప్పారు. వాడు రాత్రిపూట అడిగే ఆ ప్రశ్నే వాడి జబ్బు పేరు. అందరూ వెళ్లిపోయాక ఖాళీ వరండాలో గంటన్నర కూర్చున్న పిల్లాడికి ‘అమ్మ ఈసారి అసలు రాకపోతే?’ అన్న భయం పట్టుకుంది. అమ్మను వదిలి ఉండలేకపోవడం రెండేళ్ల పిల్లలకు సహజమే. ఎనిమిదేళ్లవాడికి అది నాలుగు వారాలు దాటినా తగ్గక, చదువుకు అడ్డం పడుతుంటే పట్టించుకోవాల్సిందే.

మీవారికి ఈ పేరా చదివి వినిపించండి. అది నాటకం కాదు. భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, పేగుల పని తీరు మారుతుంది. మెలిపెట్టినట్టు నొప్పి నిజంగానే వస్తుంది. స్కానింగ్‌లో కనబడదు, అంతే. కిందటేడాది నా దగ్గరికి వచ్చిన ఒక పాప, వాళ్లమ్మ చీర చెంగును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ, ‘కడుపులో మిక్సీ తిరుగుతోంది’ అంది. ఎప్పుడు ఆగుతుందమ్మా అంటే, ‘సాయంత్రం గేటు దగ్గర అమ్మ కనబడగానే’ అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను. అలాంటి పిల్లల్ని కొడితే భయానికి మరో భయం తోడవుతుంది. ‘నీకేం లేదు, రిపోర్టులన్నీ బాగున్నాయి’ అన్నా నమ్మరు, నొప్పి వాళ్లకు తెలుస్తూనే ఉంటుంది కదా. ‘నొప్పి ఉందని నాకు తెలుసు, అది భయం వల్ల వస్తోంది, కాసేపటికి తగ్గిపోతుంది’ అనండి.

మీకు చెప్పాల్సిన మాట కాస్త కష్టంగా ఉంటుంది. ఇంట్లో ఉంచేయడం మానాలి. ‘సరే, ఈరోజుకి వద్దులే’ అన్న అరగంటకల్లా వాడు హాయిగా ఆడుకుంటూ ఉంటాడు, అవునా? ఆ హాయి వాడికి నేర్పే పాఠం ఒక్కటే: స్కూలు ప్రమాదం, ఇల్లే క్షేమం. మర్నాటికి భయం ఇంకాస్త ముదురుతుంది. స్కూలు మార్చినా గేటు మారుతుంది గానీ భయం మారదు. అయితే ముందు ఒక్క విషయం తేల్చుకోండి. ఎవరైనా ఏడిపిస్తున్నారా, కొడుతున్నారా, బాత్రూంకి వెళ్లాలంటే ఇబ్బందా అని వాణ్నీ, వాడి స్నేహితుల్నీ మెల్లగా అడగండి. అక్కడ నిజంగా ఏదైనా ఉంటే ముందు దాన్ని సరిచేయాలి.

క్లాస్ టీచర్ గారితో మాట్లాడి, మొదటి రెండు మూడు రోజులు ఇంటర్వెల్ దాకా, తర్వాత భోజనం దాకా, ఆ తర్వాత పూర్తిగా ఉండేలా ఒప్పందం చేసుకోండి. కొద్దిసేపైనా సరే, రోజూ వెళ్లాలి. గేటు దగ్గర ఎవరో ఒకరు వాడి చెయ్యి అందుకోవాలి. మీరు ‘సాయంత్రం వస్తాను నాన్నా’ అని ఒక్క మాట చెప్పి వెనక్కి తిరగండి. కిటికీ పక్కన నిలబడి చూడొద్దు, వాడు చూడకుండా జారుకోనూ వద్దు. రాత్రి ఆ ప్రశ్న అడిగినప్పుడు ఒక్కసారే జవాబివ్వండి. మళ్లీ అడిగితే ‘నేనేం చెప్పానో నువ్వు చెప్పు’ అనండి. ఇరవైసార్లు ధైర్యం చెబితే ఇరవయ్యొకటోసారి కావాల్సివస్తుంది.

‘ఇంకెప్పుడూ ఆలస్యం చేయను’ అని మాత్రం మాటివ్వకండి. ఆటో దొరకని రోజు ఆ మాట తప్పుతుంది. ‘నేను ఆలస్యమైతే నువ్వు ఆయా పక్కన కూర్చుంటావు, బాబాయి వస్తాడు’ అని చెప్పి, ఆయానూ బాబాయినీ వాడి ఎదుటే అడిగి ఒప్పించండి. పడుకున్నప్పుడు పొట్టమీద రబ్బరు ముక్క పెట్టి, మూడు లెక్కపెట్టేలోగా గాలి పీల్చి, ఐదు లెక్కపెట్టేదాకా మెల్లగా వదలమనండి. రబ్బరు పైకీ కిందికీ కదలాలి. ఇది రాత్రిపూట అలవాటైతేనే పొద్దున గేటు దగ్గర పనికొస్తుంది. అత్తయ్యగారు దిష్టి తీస్తే తీయనివ్వండి, పెద్దావిడ ప్రేమ అది. ‘వీడికేదో పట్టింది’ అన్న మాట మాత్రం వాడి చెవిన పడకూడదు.

నొప్పికి రాత్రి నిద్రలోంచి లేస్తున్నా, బరువు తగ్గినా, జ్వరం, వాంతులు, విరేచనంలో రక్తం ఉన్నా మళ్లీ పిల్లల డాక్టరుకే చూపించాలి. నెల రోజులు ఇలా చేసినా లోపలికి అడుగుపెట్టకపోతే పిల్లల సైకాలజిస్టును కలవండి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఎప్పుడు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, ఉచితం. ‘చచ్చిపోతాను’ లాంటి మాట వాడి నోట వస్తే నెలదాకా ఆగకండి, ఆరోజే తీసుకెళ్లండి.

మొదటి వారం ఏడుస్తాడు. మీకూ ఏడుపొస్తుంది, గేటు దాటాక ఏడవండి. వాడు రోజంతా కూర్చోగలిగిన తర్వాత, ముందే చెప్పి, కావాలనే ఒకరోజు పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లండి. వెళ్లగానే సారీ చెప్పకండి. ‘ఈ పది నిమిషాలూ ఆయాతో ఏం మాట్లాడావు?’ అని అడగండి.