మైనం గిన్నెకు మూత

అమ్మలూ,

బ్రాడీపేట ఇంట్లో నువ్వు తేనెమైనంతో సువాసన కొవ్వొత్తులు చేసి అమ్మబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంటి పని నీ చేతికి వస్తోందని ఎంత సంతోషించానో! ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది. నీ గ్యాస్ పొయ్యి, వేలాడే చున్నీ, పక్కనే పాకే బుజ్జిది, అన్నీ కళ్ల ముందుకొచ్చాయి.

అచ్చుల సంగతి నీకు తెలిసిందే. తేనెమైనం చిక్కన, అందుకని ఒత్తి కాస్త లావుది వాడు. మరీ చవగ్గా ఇస్తామంటే కొనకు, పారాఫిన్ కలుపుతారు.

కరిగించే దగ్గర మాత్రం నా మాట విను. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలు కదా, జనవరి అంతా మా ఇంట్లో కొవ్వొత్తుల పనే. ఒక ఏడు నా తోడికోడలు, త్వరగా అవుతుందని, కింద నీళ్ల గిన్నె తీసేసి మైనాన్ని నేరుగా మంట మీద పెట్టింది. పాలవాడు పిలిస్తే వాకిట్లోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి గిన్నె నిండా పొగ. చూస్తుండగానే మంట లేచింది. కంగారులో చెంబెడు నీళ్లు కొట్టింది. నీళ్లు మైనం కంటే బరువు కదా, అడుక్కి దిగి ఒక్కసారిగా ఆవిరయ్యాయి. ఆవిరి వెయ్యి రెట్లకు పైగా ఉబ్బుతుంది. మండే మైనాన్ని ఇంటి కప్పు దాకా చిమ్మింది. పాపం, మోచేతి నుంచి వేళ్ల దాకా కాలింది. ఇప్పటికీ మే నెల ఎండల్లో కూడా పొడుగు చేతుల జాకెట్టే వేసుకుంటుంది.

తను తెలివితక్కువది కాదమ్మా, మా అందరిలోకీ పనిమంతురాలు. పొయ్యి ఆపి గిన్నె మీద మూత పెట్టాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. అందుకే నీకు పదేపదే చెబుతున్నాను. కింద మరిగే నీళ్లుంటే వేడి 100 డిగ్రీలు దాటదు. తేనెమైనం కరగడానికి 64 చాలు. నీళ్లు ఇగిరిపోకుండా చూసుకో. సరిపడే మూత చేతికందేలా ఉంచుకో. ఎవరు బెల్ కొట్టినా పొయ్యి ఆపాకే తలుపు తియ్యి. చున్నీ తీసేసి, జుట్టు ముడి వేసుకుని పనిలోకి దిగు.

మైనం పొయ్యి మీద ఉండగా వాసన నూనెలు పొయ్యకు. ఖరీదు పెట్టి కొన్న వాసన ఆవిరైపోతుంది. పైగా దగ్గర్లో మంట ఉంటే నీలగిరి తైలం, నారింజ నూనెల ఆవిరికి 50 డిగ్రీల లోపే నిప్పంటుకుంటుంది. పొయ్యి ఆపి, దించి, 70కి చల్లారాక కలుపు. 100 గ్రాముల మైనానికి 5 గ్రాములు చాలు. ఎక్కువైతే మైనం పట్టుకోదు, పైన చెమరుస్తుంది. తేనెమైనానికి సొంత వాసన ఉంది కాబట్టి నిమ్మగడ్డితో మొదలుపెట్టు, అది నిలబడుతుంది.

బుజ్జిది పడుకునే గదిలో నీలగిరి, కర్పూరం వెలిగించకు. పసివాళ్ల ఊపిరికి మంచివి కావు. డబ్బా మీద మనసుకు హాయి అని రాసుకో, రోగం తగ్గుతుందని మాత్రం రాయకు.

డబ్బు దండగంటున్నాడట మీ నాన్న. వాడితో నేను మాట్లాడతాను, నువ్వు దిగులు పడకు.

ఆదివారం మన అల్యూమినియం అచ్చులు తీసుకుని గుంటూరు వస్తున్నాను. మొదటి గిన్నె నా ఎదుటే పెట్టాలి. అప్పటిదాకా పొయ్యి దగ్గరికి మైనం తేవద్దు.

మీ అత్త