ఓపీటీలో ఉన్న తమ్ముడికి: ఆ వెయ్యి డాలర్లు నీవి కావు

తమ్ముడూ, నువ్వు రాసింది నాలుగు ముక్కలు. 2023 ఆగస్టులో అమెరికాకి ఎమ్మెస్‌కి వచ్చావు, 2025 జూలై నుంచి ఓపీటీ (చదువుకి తోడుగా కొంతకాలం పనిచేసే అనుమతి) మీద ఉద్యోగం. పోయినేడు ట్యాక్స్ ఫైల్ చేసిపెట్టినాయన ఈసారి ఇంకా ఎక్కువ రిఫండ్ ఇప్పిస్తానంటున్నాడు. ఈసారీ పని ఆయనకే ఇవ్వమంటారా అని అడిగావు.

ఇవ్వొద్దు. రిఫండ్ ఎంత వస్తుందన్నది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ఆయన నీ పేరు మీద ఏ ఫారం వేశాడన్నది మొదటిది. ఈ దారిలో ఉన్న గోతులన్నిట్లోనూ నేను పడ్డాను, ఎవరూ చెయ్యందించకుండానే లేచాను. ఆ కథలు ఇప్పుడొద్దు. గొయ్యి ఎక్కడుందో, పడితే ఎంత వదులుతుందో, అదొక్కటే చెబుతాను. రూల్సు కావాలంటే ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వాళ్ళ పబ్లికేషన్ 519 ఉచితంగా దొరుకుతుంది, కూర్చుని చదువుకో. వేల లైన్ల కోడ్ చదివేవాడికి అదో లెక్క కాదు.

ముందు పోయినేటి రిటర్ను పీడీఎఫ్ తెరువు. మొదటి పేజీ పైన 1040 అని ఉందా, 1040-ఎన్ఆర్ అని ఉందా? 1040 పన్ను విషయంలో రెసిడెంట్లకి, 1040-ఎన్ఆర్ నాన్‌రెసిడెంట్లకి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చినవాళ్ళకి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఇక్కడున్న రోజులు, రెసిడెంటా కాదా అని తేల్చే లెక్కలోకి రావు. ఆగస్టులో దిగినా 2023 మొత్తం ఒక ఏడు కిందే పోతుంది. అంటే 2027 దాకా, ఎఫ్-1 మీదే ఉంటే, నువ్వు నాన్‌రెసిడెంటువి. వెయ్యాల్సింది 1040-ఎన్ఆర్, దానికి జతగా 8843, నీ రోజులు ఆ లెక్కలోకి రావని చెప్పే ఫారం. రూపాయి సంపాదన లేని ఏడాది కూడా 8843 ఒక్కటీ జూన్ 15 లోపు పోస్టులో పంపాలి. జీతం ఉన్న ఏడాదికి గడువు ఏప్రిల్ 15.

నీది 1040 అయి ఉంటే, లోపల 8863 అనే ఫారం ఉందేమో వెతుకు. నీ ట్యూషన్ ఫీజు చూపించి అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ అడిగే ఫారం అది. ఆ క్రెడిట్ మొత్తం 2,500 డాలర్లు. కట్టాల్సిన పన్ను సున్నా అయినా అందులోంచి 1,000 చేతికొస్తుంది. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే 'మాక్సిమం రిఫండ్' రహస్యం ఇంతే. నాన్‌రెసిడెంటుకి ఆ క్రెడిట్ లేదు. దొరికితే వెయ్యీ వడ్డీతో వెనక్కి కట్టాలి, దాని మీద 20 శాతం జరిమానా పడొచ్చు. నిర్లక్ష్యంగా అడిగావని తేలితే రెండేళ్ళు, మోసమని తేలితే పదేళ్ళు ఆ క్రెడిట్ ముఖం చూడనివ్వరు. సంతకం నీది కాబట్టి జవాబు చెప్పాల్సిందీ నువ్వే.

రెండో పేజీ అడుగున డబ్బు తీసుకుని రిటర్ను తయారుచేసినవాళ్ళు నింపాల్సిన గడి ఉంటుంది, పేరు, పీటిన్ నంబరు (ఐఆర్ఎస్ వాళ్ళకిచ్చే గుర్తింపు సంఖ్య)తో సహా. ఆయన ఫీజు తీసుకుని కూడా ఆ గడి ఖాళీగా వదిలేశాడంటే, రేపు ఉత్తరం వచ్చినప్పుడు ఆయన ఫోనెత్తడు. రిఫండ్‌లో వాటా అడిగేవాళ్ళూ అదే బాపతు. రిఫండ్ పడాల్సిన బ్యాంకు అకౌంటు నంబరు నీదేనా అన్నది కూడా ఒకసారి చూసుకో.

ఇక ఈ ఏటి లెక్క. ఏడాదికి 72,000 జీతం అనుకుందాం, ఆరు నెలలకి 36,000. మామూలుగా నాన్‌రెసిడెంట్లకి స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను వేసేముందు ఆదాయంలోంచి తీసేసే మొత్తం) లేదు. ఇండియా నుంచి వచ్చిన విద్యార్థులకి మాత్రం రెండు దేశాల పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ కింద ఉంది. 1040-ఎన్ఆర్ మీద ఆ వరుసలో ఇండియా పేరు అచ్చులోనే కనిపిస్తుంది. 2025కి అది 15,750. మిగిలే 20,250 మీద ఫెడరల్ పన్ను సుమారు 2,190. ఆ వరుస ఖాళీగా వదిలేస్తే సుమారు 4,080. ఒక్క గడి నింపనందుకు 1,890 డాలర్లు పోతాయి.

ఇంకొకటి ఉంది, దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. ఇండియాలో తీసుకున్న ఎడ్యుకేషన్ లోను మీద కట్టిన వడ్డీ. అప్పిచ్చింది అమెరికా బ్యాంకే కానక్కర్లేదు. లోను నీ పేరు మీద ఉండి, చదువు ఖర్చులకే తీసుకున్నదై, ఆ ఏడాది నిజంగా కట్టిన వడ్డీ అయితే 2,500 దాకా ఆదాయంలోంచి తీసేయొచ్చు. బ్యాంకు దగ్గర వడ్డీ సర్టిఫికెట్ తెప్పించు, జనవరి నుంచి డిసెంబరుకి. వాళ్ళు అలవాటుగా ఏప్రిల్ నుంచి మార్చికి ఇస్తారు. నెలవారీ స్టేట్‌మెంటు అడిగి నువ్వే కూడుకో, ఆ ఏటి సగటు రేటుతో డాలర్లలోకి మార్చు. 12 శాతం శ్లాబులో ఉన్నవాడికి ఇది 300 డాలర్లు.

పే స్టబ్‌లో (జీతం చీటీలో) సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అని కోస్తున్నారా? 6.2, 1.45 కలిపి 7.65 శాతం. నీ 36,000 మీద 2,754 డాలర్లు, ఒక నెల ఇంటద్దె కంటే ఎక్కువే. ఓపీటీలో ఉన్న నాన్‌రెసిడెంటు విద్యార్థి దగ్గర అది కోయకూడదు. చిన్న కంపెనీల పేరోల్ వాళ్ళకి ఈ సంగతి తెలియక కోసేస్తుంటారు. రిటర్నులో అడిగితే ఇది రాదు, దీని దారి వేరు. మొదట పేరోల్‌కి మెయిలు రాయి, తప్పుగా కోసిన సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ తిరిగివ్వమని, ఏడాది జీతం, కోతలు చూపించే డబ్ల్యూ-2ని సరిచేసిన డబ్ల్యూ-2సి ఇవ్వమని. కుదరదంటే ఆ మాటే రాతపూర్వకంగా తీసుకో. అప్పుడు ఫారం 843, దానికి జతగా 8316, డబ్ల్యూ-2, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), వీసా పేజీ, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చిన కాగితం), ఈఏడీ (పని అనుమతి) కార్డు కాపీలు పెట్టి ఐఆర్ఎస్‌కి పోస్టు చెయ్యి. నెలలు పడుతుంది. పట్టనీ, నీ డబ్బేగా. హెచ్-1బి వచ్చిన రోజు నుంచి మాత్రం ఈ కోత న్యాయమైనదే. తమాషా ఏమిటంటే, అక్టోబరు 1న హెచ్-1బి మొదలైతే ఆ ఏడాదికి లెక్కలోకొచ్చే రోజులు 92 మాత్రమే, రెసిడెంటు కావడానికి కావాల్సిన 183 నిండవు. కాబట్టి కోత మొదలవుతుంది, రిటర్ను మాత్రం సాధారణంగా ఆ ఏడాదికీ 1040-ఎన్ఆరే.

ఫోన్‌లో యాప్ పెట్టుకుని షేర్లు కొంటున్నావా? బ్యాంకు సేవింగ్స్ వడ్డీ మీద నీకు పన్ను లేదు. షేర్ల లాభం మీద మాత్రం, ఆ ఏడాది 183 రోజులు ఇక్కడుంటే (ఇది వేరే లెక్క, నిజంగా ఉన్న రోజులన్నీ వస్తాయి), నేరుగా 30 శాతం. స్టాండర్డ్ డిడక్షన్ దాన్ని కాపాడదు. రూమ్మేటు చెప్పిన స్టాకు కొనేముందు ఈ 30 గుర్తు తెచ్చుకో.

సాయం ఎక్కడ దొరుకుతుందన్నావు. డబ్బిచ్చి కొనుక్కునే ముందు ఉచితమైనవి చూడు. మామూలు ట్యాక్స్ సాఫ్ట్‌వేర్లలో చాలావరకు 1040-ఎన్ఆర్ చెయ్యవు. 'నువ్వు రెసిడెంటువేనా' అని అడిగితే మనవాళ్ళు అవునని నొక్కి ముందుకెళ్ళిపోతారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. స్ప్రింటాక్స్, గ్లేసియర్ లాంటివి నాన్‌రెసిడెంట్ల కోసమే ఉన్నాయి. చాలా యూనివర్సిటీలు వాటి కోడ్ ఉచితంగా ఇస్తాయి, ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకి మెయిలు పెట్టు. ఆదాయం తక్కువున్నవాళ్ళకి వీటా కేంద్రాల్లో వాలంటీర్లు ఉచితంగా చేసిపెడతారు. కేంద్రం ఎక్కడుందో 800-906-9887లో చెబుతారు. విదేశీ విద్యార్థుల రిటర్నులు చేస్తారా అని ముందే అడుగు, అన్ని చోట్లా చెయ్యరు.

ఐఆర్ఎస్ నంబరు 800-829-1040, ఉదయం 7 నుంచి సాయంత్రం 7 దాకా. సోమ, మంగళవారాలు వదిలెయ్, లైను దొరకదు. ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు), పోయినేటి రిటర్ను, వచ్చిన ఉత్తరం చేతిలో పెట్టుకుని మాట్లాడు. అవతలివాళ్ళు చెప్పే ఐడీ నంబరు, తేదీ రాసుకో. ఇంగ్లీషులో ఇబ్బందైతే దుబాసీ కావాలని అడగొచ్చు. ముఖాముఖి మాట్లాడాలంటే 844-545-5640కి చేసి అపాయింట్‌మెంటు తీసుకో. ఎంత తిరిగినా పని కాక, దానివల్ల అద్దె కట్టలేని పరిస్థితి వస్తే ట్యాక్స్‌పేయర్ అడ్వకేట్ అని వేరే విభాగం ఉంది, ఫారం 911తో అడగాలి.

ఈ-ఫైల్ వెనక్కొట్టేస్తే ముందు నీ ఇంటిపేరు చూడు. ఐఆర్ఎస్ కంప్యూటరు ఇంటిపేరులోని మొదటి నాలుగు అక్షరాలతో నీ ఎస్ఎస్ఎన్‌ని సరిపోల్చుతుంది. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ముందూ వెనకా అవుతుంది, కొందరికి అసలుండదు. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద చివరి పేరుగా ఏదుంటే రిటర్నులోనూ అదే ఉండాలి, డబ్ల్యూ-2లోనూ అదే.

ఉత్తరం వస్తే కవరు చింపకుండా ఫ్రిజ్ మీద పడెయ్యకు, గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమే అది. మూల మీద నంబరు చూడు. 5071సి అయితే నువ్వు నువ్వేనని నిరూపించమంటున్నారు, అంతే. అది తేలేదాకా రిఫండ్ కదలదు. సీపీ2000 అయితే వాళ్ళ దగ్గరున్న లెక్కా నీ లెక్కా కలవలేదు. అది బిల్లు కాదు, ప్రతిపాదన. అందులో వేసిన తేదీలోపు ఒప్పుకోవాలి, లేదా కాగితాలతో కాదనాలి. ఫోన్ చేసి గిఫ్ట్ కార్డులు కొనమనేవాడు, పోలీసులొస్తున్నారనేవాడు ఐఆర్ఎస్ కాదు. పెట్టెయ్.

కట్టడానికి డబ్బు లేదని ఫైలింగ్ మానెయ్యడం అన్నిటికన్నా ఖరీదైన తప్పు. ఫైల్ చెయ్యకపోతే బకాయి మీద నెలకి 5 శాతం, 25 దాకా పెరుగుతుంది. ఫైల్ చేసి కట్టకపోతే నెలకి అర శాతమే, వడ్డీ అదనం. వాయిదాలు ఆన్‌లైన్‌లోనే అడగొచ్చు.

ఇండియా అకౌంట్ల సంగతి నీకింకా రాలేదు. రెసిడెంటువైన ఏడాది నుంచి వస్తుంది. అక్కడి అకౌంట్లన్నీ కలిపి ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ అకౌంట్ల వివరం చెప్పే ఫారం) వెయ్యాలి. నాన్నగారి రిటైర్మెంటు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో జాయింటుగా నీ పేరుంటే అదీ లెక్కే. ఎన్ఆర్ఐల ఎన్ఆర్ఈ అకౌంటు వడ్డీకి పన్ను లేదని బ్యాంకువాళ్ళు చెప్పేది ఇండియా మాట, ఇక్కడ ఉంది.

ఇప్పుడు పోయినేటి రిటర్ను, అది 1040 అని తేలితే. రిటర్ను సరిదిద్దే ఫారం 1040-ఎక్స్ తీసుకుని మొదటి పేజీలో పేరు, అడ్రసు, ఎస్ఎస్ఎన్ మాత్రం నింపు, అంకెలు వద్దు. వివరణ గడిలో నాన్‌రెసిడెంటునై ఉండి పొరపాటున 1040 వేశానని రాయి. సరైన 1040-ఎన్ఆర్ వెనక పెట్టి దాని తల మీద 'అమెండెడ్' అని ఇంగ్లీషులో రాయి, 8843 కలుపు. రెండిటిమీదా సిరాతో సంతకం. వెయ్యి డాలర్లూ ఐఆర్ఎస్ సైట్లోని డైరెక్ట్ పే ద్వారా అదే రోజు కట్టెయ్, వడ్డీ పెరగడం ఆగుతుంది. వాళ్ళు కదిలించకముందే నువ్వే సరిదిద్దుకుంటే ఆ 20 శాతం జరిమానా సాధారణంగా పడదు. రాష్ట్రం రిటర్ను కూడా వేసి ఉంటే దాన్నీ సరిచెయ్యాలి. పోస్టులో సర్టిఫైడ్ మెయిల్‌గా పంపి రసీదు దాచుకో. మూడు వారాల తర్వాత ఐఆర్ఎస్ సైట్లో కనిపిస్తుంది, తేలడానికి 8 నుంచి 16 వారాలు. ఆ వెయ్యి ఇప్పటికే లోను కింద పోయి ఉంటే, ఈ నెల జీతం పడగానే మళ్ళీ పక్కన తియ్యి.