క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో కతోలిక చర్చి పూజలో ‘మహిమ గీతం’ ఎందుకు పాడరు? ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలాగే ఇదీ ఉపవాస కాలమా?

కాదు. ఫాదర్‌గారి ఊదా రంగు వస్త్రాలు చూసి చాలామంది అలా అనుకుంటారు గానీ, ఆగమన కాలంలో అల్లెలూయా ఆగదు, తపస్సు కాలంలో ఆగుతుంది. ఉపవాసం కూడా నియమం కాదు. మహిమ గీతం బేత్లెహేములో దేవదూతలు పాడిన పాటతో మొదలవుతుంది. అందుకే ఆదివారాల్లో దాన్ని ఆపి, క్రిస్మస్ రాత్రి గంటలు మోగుతుండగా మళ్లీ పాడతాం. ఆ ఒక్క క్షణం కోసమైనా ఈ ఎదురుచూపు అవసరమని నా నమ్మకం. డిసెంబర్ 8న, నిష్కళంక మాత (పాపం అంటకుండా గర్భంలో పడిన మరియమ్మ) పండుగకు మాత్రం పాడతారు.

నవంబర్ 30కి దగ్గరలో వచ్చే ఆదివారంతో కాలం మొదలవుతుంది. మూడో ఆదివారం గులాబీ రంగు, అది ఆనంద ఆదివారం. డిసెంబర్ 16 వరకు ప్రార్థనలు ఎక్కువగా క్రీస్తు రెండో రాకడ గురించి ఉంటాయి, 17 నుంచి ఆయన పుట్టుక వైపు తిరుగుతాయి.

విచారణలో, అంటే మన చర్చి సమాజంలో, పశువుల పాక, నక్షత్రాలు, క్యారల్స్ హడావుడిలో పాపసంకీర్తనం (ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చివరి రోజుకు వాయిదా పడుతుంది. ఇరవై నాలుగున లైన్లో నిలబడి టెన్షన్ పడేకంటే, రెండో వారంలోనే ఫాదర్‌గారిని కలవండి, తీరిగ్గా మాట్లాడతారు.