ఓడ ఎప్పుడు కదులుతుందో చెబితే గూఢచర్యమా?

అమలాపురం నుంచి నేవీలో చేరిన మీ తమ్ముణ్ణి ఫేస్‌బుక్‌ అమ్మాయి ‘మీ ఓడ ఎప్పుడు కదులుతుంది?’ అని అడిగిందంటే తేలిగ్గా తీసుకోకండి. శత్రువు ఒక్కరి దగ్గరే రహస్యమంతా లాగడు. ఒకరి నుంచి తేదీ, ఇంకొకరి నుంచి ఓడ పేరు, మరొకరి నుంచి ఫొటో తీసుకుని కలుపుతాడు. మొదట ప్రేమ కబుర్లు, తర్వాత కొంచెం డబ్బు. అది ఖాతాలో పడ్డాక బెదిరింపు. 2019 డిసెంబరులో ఇలాంటి వలలో పడ్డారన్న ఆరోపణపైనే నావికులు అరెస్టయ్యారు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం, 3వ సెక్షన్‌ ప్రకారం రక్షణ సమాచారమైతే 14 ఏళ్ల వరకు జైలు.

జవాబివ్వడం ఆపమనండి. చాట్‌ మాత్రం చెరపొద్దు, అదే సాక్ష్యం. ఈరోజే పై అధికారికి చూపించాలి. ఇంట్లోవాళ్లూ అంతర్వేది తీర్థం ఫొటోల కింద అతని సెలవు తేదీలు రాయకండి.