ఇంటి లేత్‌కి ఏ మోటారు?

ప్రశ్న: ఇంటి వెనక షెడ్డులో నాలుగున్నర అడుగుల పాత లేత్ (ఇనప ముక్కని తిప్పుతూ చెక్కే యంత్రం) ఉంది. బెల్టు మార్చి స్పీడు మార్చే రకం. దాని 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు స్విచ్ వేస్తే మూలుగుతోంది, తిరగడం లేదు. ఆటోనగర్‌లో ఒకరు 2 హెచ్‌పీ వేసుకోమన్నారు. ఇంకొకరు త్రీ ఫేజ్ మోటారు పెట్టి డ్రైవ్ (సింగిల్ ఫేజ్ కరెంటుని త్రీ ఫేజ్‌గా మార్చి, మోటారు వేగాన్ని తగ్గించే, పెంచే ఎలక్ట్రానిక్ పెట్టె) వాడమన్నారు. ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్ కనెక్షనే. ఏది కొనాలి?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: మూలుగుతోంది కాబట్టి మోటారు కాలిపోయిందని అప్పుడే తేల్చేయకండి. మెయిన్ ఆపి, బెల్టు తీసేసి, పుల్లీని చేత్తో తిప్పండి. బిగుసుకుని ఉంటే బేరింగులు పోయినట్టు. తేలిగ్గా తిరిగితే స్టార్టింగ్ కండెన్సర్‌నో, లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్‌నో (మోటారు వేగం అందుకోగానే స్టార్టింగ్ వైండింగ్‌ని విడదీసేది) అనుమానించాలి. కండెన్సర్‌ని ముట్టుకునే ముందు పాత ఫిలమెంట్ బల్బు తీగలు దాని రెండు కాళ్లకీ ఆనించి చార్జీ దించండి. ఉబ్బినా, నూనె కారినా మార్చాల్సిందే. కొత్తది అదే మైక్రోఫారడ్‌ది, వోల్టేజీ పాతదానికి తగ్గనిది తీసుకోండి. సెంట్రిఫ్యూగల్ స్విచ్ పాయింట్ల మధ్య ఇనప రజను, నూనె చేరి కాంటాక్టు అందకపోవడం లేత్ మోటార్లలో మామూలే. సన్నటి ఎమెరీ పేపర్‌తో రుద్ది, దుమ్ము తుడిస్తే చాలా మోటార్లు మళ్లీ లేస్తాయి. మాడిన వార్నిష్ వాసన వస్తుంటేనో, వైండింగుకీ బాడీకీ మధ్య మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) 1 మెగోమ్ కూడా చూపించకపోతేనో కొత్త మోటారు సంగతి ఆలోచించండి.

కొనాల్సే వస్తే 2 హెచ్‌పీ వద్దు. మీ లేత్ మీద ఉండే ఒక్క ‘ఎ’ సెక్షన్ (సన్న రకం) బెల్టు అంత బలాన్ని ఎలాగూ మోయదు, జారుతుంది. స్టార్టింగ్‌లో లాగే కరెంటుకి ఇంట్లో లైట్లు డల్ అవుతాయి. టూల్ జాబ్‌లో (చెక్కే ముక్కలో) ఇరుక్కున్నప్పుడు గేరు పళ్లు విరిగే ప్రమాదమూ పెరుగుతుంది. 1 హెచ్‌పీ చాలు.

హెచ్‌పీ కన్నా ముందు నేమ్‌ప్లేట్ మీద ఆర్‌పీఎం చూడండి. మీకు కావాల్సింది 1440, అంటే 4 పోల్. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే పంపు మోటార్లు ఎక్కువగా 2880వి. అది వేస్తే ప్రతి స్పీడూ రెట్టింపవుతుంది. థ్రెడ్ కటింగ్‌కి కావాల్సిన నిదానం స్పీడు పోతుంది, పై స్పీడులో పెద్ద చక్ (జాబ్‌ని పట్టుకుని తిరిగే భాగం) ప్రమాదకరం.

తర్వాత ఫ్రేమ్, అంటే మోటారు బాడీ కొలత నంబరు. 80 ఫ్రేమ్ మోటారు షాఫ్ట్ 19 మి.మీ., కీ (పుల్లీ షాఫ్ట్ మీద జారకుండా గాడిలో పెట్టే ఇనప ముక్క) 6 మి.మీ., బేస్ బోల్టు రంధ్రాల మధ్య దూరం 125, 100 మి.మీ. సింగిల్ ఫేజ్‌లో 1 హెచ్‌పీ 90 ఫ్రేమ్‌లో వచ్చిందంటే షాఫ్ట్ 24 మి.మీ. అవుతుంది, పుల్లీ బోర్ పెంచక తప్పదు. మీ పాత మోటారు ముప్పావు అంగుళం షాఫ్ట్‌దైతే దాని పుల్లీ 19 మి.మీ. షాఫ్ట్ మీదికి ఎక్కుతుంది. కానీ కీ గాడి 3/16 అంగుళమే ఉంటుంది కాబట్టి 6 మి.మీ.కి వెడల్పు చేయించాలి. గాడి సరిపోలేదని కీ తీసేసి గ్రబ్ స్క్రూ (పుల్లీని షాఫ్ట్‌కి నొక్కి పట్టే చిన్న మర) ఒక్కదాని మీద నడిపితే షాఫ్ట్ గీరుకుపోతుంది. బాడీ పూర్తిగా మూసి, వెనక ఫ్యాన్ ఉన్న రకమే తీసుకోండి. గాలి రంధ్రాలున్న మోటారులోకి రజను పోయి వైండింగ్ షార్ట్ అవుతుంది.

డ్రైవ్ చాలా మంచి దారి, ఒక షరతు మీద. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకునే డ్రైవ్ బయటికిచ్చేది కూడా 230 వోల్టుల త్రీ ఫేజే, 415 కాదు. 415 వోల్టులకి స్టార్‌లో (మూడు వైండింగుల చివరలు ఒకచోట ముడేసిన పద్ధతి) ఉన్న మోటారుని డెల్టాకి (మూడింటినీ త్రికోణంలా కలిపే పద్ధతి) మార్చాలి. టెర్మినల్ బాక్స్‌లో ఆరు కాళ్లూ, నేమ్‌ప్లేట్ మీద 230/415 అనీ ఉంటే లింకులు మారిస్తే సరి. మూడు తీగలే బయటికి వస్తే స్టార్ ముడి లోపల ఉన్నట్టు. దాన్ని రివైండింగ్ షాపులో విప్పించి ఆరు తీగలూ బయటికి తీయించాలి. స్టార్‌లోనే వదిలేసి నడిపితే టార్క్ మూడో వంతుకి పడిపోతుంది, టూల్ ఆనగానే మోటారు ఆగిపోతుంది.

డ్రైవ్ వచ్చింది కదా అని బెల్టు స్టెప్పులు, బ్యాక్ గేరు (చక్‌ని నిదానంగా, బలంగా తిప్పే గేరు) వదిలేయకండి. 25 హెర్ట్జ్ దగ్గర మోటారు ఇచ్చే శక్తి సగమే. దాని ఫ్యానూ సగం వేగంతోనే తిరుగుతుంది, మన మే నెల ఎండలో గంటల తరబడి అలా నడిపితే వైండింగ్ వేడెక్కుతుంది. మోటారుకీ డ్రైవ్‌కీ మధ్య స్విచ్ పెట్టకండి. ఆన్, ఆఫ్, రివర్స్ అన్నీ డ్రైవ్ కంట్రోల్ టెర్మినళ్ల నుంచే జరగాలి. డ్రైవ్‌ని రజను ఎగరని చోట గోడకి బిగించి, ఎర్త్ గట్టిగా వేయించండి.

బుష్‌లు, పిన్నులు తీసుకునే పనే ఎక్కువైతే 1 హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం, కండెన్సర్ స్టార్ట్–కండెన్సర్ రన్ మోటారు సరిపోతుంది. థ్రెడ్లు, పెద్ద ఫేసింగ్ (జాబ్ ముఖాన్ని చదును చేయడం) తరచుగా చేస్తుంటే డ్రైవ్‌కి పెట్టిన డబ్బు వృథా కాదు. మీ వీధిలో సాయంత్రాలు వోల్టేజీ 180కి పడుతుంటే సింగిల్ ఫేజ్ మోటారు స్టార్టింగ్ బలం 60 శాతానికి తగ్గుతుందని గుర్తుంచుకోండి. అలాంటి వేళ లేత్‌ని బెల్టు వదులు చేసి స్టార్ట్ చేయండి.

ప్రశ్న: సింగిల్ ఫేజ్ మోటారుకి ఫార్వర్డ్–రివర్స్ స్విచ్ పెట్టాను. తిరుగుతుండగా రివర్స్ వేస్తే అదే వైపు తిరుగుతోంది. స్విచ్ పాడైందా?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: స్విచ్ బాగానే ఉంది. మోటారు వేగం అందుకున్నాక సెంట్రిఫ్యూగల్ స్విచ్ స్టార్టింగ్ వైండింగ్‌ని విడదీస్తుంది. దిశ నిర్ణయించేది ఆ వైండింగే. అది లేనప్పుడు మీరెటు వేసినా తిరిగే వైపే తిరుగుతుంది. పూర్తిగా ఆగనిచ్చి రివర్స్ వేయండి. మీ చక్ స్పిండిల్‌కి మరతో బిగించే రకమైతే మాత్రం రివర్స్‌లో కట్ తీయకండి, చక్ ఊడి వస్తుంది.