అమ్మడూ, వేడి మీద ఆ రేడియేటర్ మూత ముట్టుకోకు

అమ్మడూ,

నాన్న పాత మారుతీ 800ని షెడ్డులోంచి బయటికి తీశావనీ, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ కారుతుంటే మెకానిక్‌కి ఇవ్వకుండా నువ్వే చూసుకుంటానన్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అక్క గొంతులో భయం. నాకు మాత్రం ముందు గర్వంగానే అనిపించింది. మన ఇళ్లల్లో స్పానర్ పట్టిన మొదటి ఆడపిల్లవి నువ్వే. ఆ తర్వాత నాకూ టెన్షన్ పట్టుకుంది. ఆటోనగర్‌లో షాపు కట్టేసి ఇంటికొచ్చి, అన్నం తినగానే ఇది రాయడానికి కూర్చున్నాను. ఫోన్లో చెబితే "సరే మామయ్యా, సరే" అంటూ సగం వదిలేస్తావు. కాగితం అయితే బండి పక్కన పెట్టుకుని చూసుకుంటావు.

తేలిక పనులు ముందు చెప్పేస్తాను. ఇంజన్ బాగా చల్లారాక, పొద్దున్నే చూడు. రాత్రి బండి కింద ఓ అట్టముక్క పరిచి ఉంచితే మరక పడిన చోటును బట్టి లీకు ఏ వైపో తెలుస్తుంది. ఏసీ వేసుకుని తిరిగొచ్చాక కారే నీళ్లకు రంగూ వాసనా ఉండవు, వాటిని చూసి కంగారు పడకు. కూలెంట్ వేలికి జిడ్డుగా తగులుతుంది, తియ్యటి వాసన వస్తుంది, ఆరిన చోట తెల్లగానో పచ్చగానో పేరుకుంటుంది. హోస్ పైపుల చివర్లు, క్లిప్పుల అడుగు వేలితో తడిమి చూడు. పైపు నొక్కినప్పుడు పగుళ్లు కనిపిస్తే ఇంకేం ఆలోచించకుండా మార్చెయ్. కొన్ని క్లిప్పులు చల్లగా ఉన్నప్పుడు కారి, వేడెక్కాక ఆగిపోతాయి. అందుకే పొద్దున్నే చూడమంటున్నాను. కాళ్ల దగ్గర కార్పెట్ తడిసి, అద్దం లోపల జిడ్డు పొర కడుతుంటే హీటర్ లోపల లీకు ఉన్నట్టు.

వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పోతే చుక్కలు అక్కడి నుంచే వస్తాయి. దాన్ని ఎం-సీల్‌తో మూసేసే మహానుభావులను చూశాను. సీలు పోయిందని మనకు తెలియడానికే ఆ రంధ్రం పెట్టారు. మూస్తే నీళ్లు బేరింగ్‌లోకి పోతాయి. అక్కడ తడి కనిపిస్తే పంపు మార్చాల్సిందే. ఆ పంపును తిప్పే బెల్టే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నూ తిప్పుతుంది. కాబట్టి దారిలో బ్యాటరీ ఎర్ర లైటు వెలిగితే "ఇంటికెళ్లాక చూద్దాం" అనుకోకు. బెల్టు తెగి ఉంటే ఇంజన్‌లో నీళ్లు తిరగడం కూడా ఆగిపోయినట్టే.

ఇక అసలు సంగతి. మీ నాన్న కుడి చేతి మీది మచ్చ నీకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నావు. వేడినీళ్లు పడ్డాయని చెప్పి ఉంటాడు. నిజమే. ఆ నీళ్లు ఈ బండివే.

అప్పుడు నువ్వు మీ అమ్మ ఒళ్లో పిల్లవి. రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. చిలకలూరిపేటలో పెళ్లి భోజనం చేసి మధ్యాహ్నం బెజవాడ బయల్దేరారు. అంతకు చాలా రోజుల ముందు నుంచే ఇంజన్ నీళ్లను చల్లబరిచే రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయి. బావ పొద్దున్నే ఓ సీసాడు నీళ్లు పోసి, "కొంచెమే కదా" అనేవాడు. ఆ కొంచెం ఎక్కడికి పోతోందో చూడలేదు. రోజూ నీళ్లు పోస్తూ ఉంటే కూలెంట్ పలచబడి పలచబడి చివరికి మిగిలింది బోరు నీళ్లే. వాటిలో తుప్పును ఆపే మందు ఉండదు, పైగా అవి త్వరగా మరుగుతాయి.

గుంటూరు దాటాక ఇంజన్ వేడి చూపించే మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళ్లింది. ఏసీ ఆపి నడుపుతూనే ఉన్నాడు. కాజ దగ్గరికి వచ్చేసరికి ముల్లు దానంతటదే కిందికి దిగిపోయింది. "చూశావా, సర్దుకుంది" అని మీ అమ్మతో అన్నాడట. సర్దుకోలేదమ్మా. ముల్లుకు వేడి తెలిపే సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నంతసేపే నిజం చెబుతుంది. నీళ్లు దాని కిందికి దిగిపోతే, లోపల ఇంజన్ కాలిపోతున్నా ముల్లు చల్లగా ఉన్నట్టే చూపించవచ్చు. ఎర్రగీత దగ్గరున్న ముల్లు హఠాత్తుగా పడిపోయిందంటే సంతోషించకు. వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపెయ్. బావ ఆపలేదు. మంగళగిరి రాకముందే ఇంజనే ఆగిపోయింది.

అక్కడైనా కాసేపు నీడన కూర్చుని ఉంటే బాగుండేది. నువ్వు ఏడుస్తున్నావు, మీ అమ్మ విసనకర్రతో విసురుతోంది, ఎండ మండిపోతోంది. ఆ తొందరలో కండువా మడిచి రేడియేటర్ మూత మీద వేసి తిప్పేశాడు. అది ప్రెజర్ కుక్కర్ లాంటిది తల్లీ. మూత మీద 0.9 అని రాసి ఉంటుంది, బార్ లెక్కలో అది ఆపే ఒత్తిడి. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. మూత వదులవగానే ఒత్తిడి పోతుంది, 100 దాటి ఉన్న నీళ్లు ఒక్కసారిగా మరిగి తన్నుకొస్తాయి. కండువా ఏం ఆపుతుంది? మొహం పక్కకు తిప్పి ఉన్నాడు కాబట్టి కళ్లు దక్కాయి. నేను తాడు తీసుకుని ఇంకో బండిలో వెళ్లేసరికి మీ అమ్మ తాగే నీళ్లు ఆయన చేతి మీద పోస్తూ కూర్చుంది. బావ నొప్పి గురించి ఒక్క మాట అనలేదు, "పిల్ల మీద పడలేదు కదా" అని మాత్రం మళ్లీ మళ్లీ అడిగాడు. ఇప్పటికీ ఎండాకాలంలో రోడ్డు పక్కన బానెట్ ఎత్తిన బండి కనిపిస్తే నేను స్కూటర్ ఆపుతాను. మూత మీద ఎవరి చెయ్యైనా ఉందేమో చూడనిదే ముందుకు కదల్లేను.

అందుకని నాకు మాటివ్వు. ఇంజన్ ఆపాక కనీసం గంట ఆగు. పై హోస్ పైపు చేత్తో పట్టుకుని చూడు. వేడిగా ఉన్నా, గట్టిగా ఉబ్బి ఉన్నా మూత జోలికి వెళ్లకు. రేడియేటర్ ఫ్యాన్ కరెంటుది, అది ఎప్పుడు తిరుగుతుందో మనకు చెప్పి తిరగదు. అక్కడ చెయ్యి పెట్టేముందు బ్యాటరీ వైరు విప్పెయ్, చున్నీ పక్కన పెట్టెయ్. కాలిన ఇంజన్‌లో చల్లటి నీళ్లు కుమ్మరించకు, ఇంజన్ పైభాగం, అంటే హెడ్, పగులుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ రోజు ఈ బండి అల్యూమినియం హెడ్ వంగిపోయింది. ఫేసింగ్ చేయించి, అంటే అడుగు గీయించి సమం చేయించి, హెడ్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే గ్యాస్కెట్ పొర కొత్తది వేసి బిగించాం. అంటే ఒకసారి గీసిన హెడ్ అది. మళ్లీ అంత వేడెక్కితే గీయడానికి మందం మిగలకపోవచ్చు. చిన్న ఇంజన్లలో హెడ్ వంపు 0.05 మిల్లీమీటర్ దాటినా ఒప్పుకోరు. బయట ఎక్కడా తడి లేకుండా నీళ్లు తగ్గుతున్నాయా? ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద ఆయిల్ తెల్లబడి నురగగా ఉందా? ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగట్లేదా? ఇందులో ఏ ఒక్కటి కనిపించినా నువ్వు విప్పకు, తాడు కట్టి నా దగ్గరికి లాక్కురావాలి. హెడ్ బోల్టులు మధ్య నుంచి అంచులకు, విడతలుగా, ఎంత గట్టిగా బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్‌తో బిగించాలి. అది నా పక్కన నిలబడి నేర్చుకుందువుగాని.

ఎవరో ఒకరు రేడియేటర్‌లో పసుపు పొయ్యమంటారు. దారిలో చిక్కుకున్న డ్రైవరు షెడ్డు దాకా చేరడానికి చేసే పని అది. ఇంట్లో ఉన్న బండికి చేస్తే సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి. వేడిని బట్టి నీళ్లను వదిలే థర్మోస్టాట్ తీసి పారేస్తే చల్లగా ఉంటుందనే వాళ్లూ ఉంటారు, వినకు. మన దగ్గర మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు అంటారు. తుప్పుకు మంచుతో పనేముంది? కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి, చల్లటి ఇంజన్‌లో మెల్లగా పొయ్యి. హీటర్ పూర్తిగా తిప్పి ఉంచి, మూత తీసే స్టార్ట్ చేసి, గాలి బుడగలు పోయేదాకా నింపుతూ ఉండు. లోపల గాలి మిగిలితే ముల్లు మళ్లీ అబద్ధం చెబుతుంది.

పాత కూలెంట్‌ను వాకిట్లో పారబొయ్యకు. అది తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకితే కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. డబ్బాలో పట్టి, మూత బిగించి, పక్కింటి పిల్లలకు అందకుండా పైన పెట్టు. నేను తీసుకెళ్తాను.

ఇంత రాశానని నీ మీద నమ్మకం లేదనుకోకు. ఆదివారం ప్రెజర్ టెస్టర్ తీసుకుని ఎండెక్కకముందే గుంటూరు వస్తాను. మూత ఉన్న చోట అది బిగించి, చేతిపంపుతో 0.9 దాకా గాలి కొట్టి వదిలితే గేజు ముల్లు దిగుతుందో లేదో చూద్దాం. దిగితే ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండానే లీకు దొరుకుతుంది. స్పానర్ నీ చేతిలోనే ఉంటుంది, నేను టార్చి పట్టుకుంటాను. అప్పటిదాకా బండి స్టార్ట్ చెయ్యకు. ఏదైనా పార్టు కొనాల్సి వస్తే ముందు ఫోటో పంపు.

మీ మామయ్య