స్కానింగు ఫలానా చోటే తీయించుకోమంటే, ఎందుకని డాక్టరును అడగవచ్చా?

మీ అమ్మగారి కడుపునొప్పికి పది రోజుల క్రితం పాలకొల్లులో తీయించిన స్కానింగు ఉండగానే, కొత్తగా చూపించిన డాక్టరు గారు ఆ కవరు విప్పకుండా పక్కన పెట్టి, తాము చెప్పిన సెంటరులోనే మళ్లీ తీయించుకురమ్మన్నారని రాశారు. ఇది ధర్మమేనా, ఎందుకని అడిగితే వైద్యంలో తేడా చేస్తారా అన్నది మీ సందేహం. అడగవచ్చు, అడగాలి కూడా. నరసాపురం ప్రాంతంలో 28 ఏళ్లు ప్రాక్టీసు చేసినవాణ్ణి కనుక, బల్లకు ఇవతలి వైపు ఏం జరుగుతుందో నా అనుభవంలో చూసినంత వరకు చెబుతాను.

ముందుగా ఒక మాట. ఒక సెంటరు మీద డాక్టరుకు నమ్మకం ఉండడం తప్పు కాదు. అల్ట్రాసౌండులో మిషను ఎంత మంచిదైనా, ప్రోబు పట్టుకున్న మనిషి నేర్పును బట్టి ఫలితం మారుతుంది. పేగుల్లో గాలి ఎక్కువగా ఉంటే పిత్తనాళంలో రాయి ఒకరికి కనిపించి మరొకరికి కనిపించకపోవచ్చు. అనుమానం వస్తే రిపోర్టులో నాలుగు ముక్కలు రాసి ఊరుకోకుండా వెంటనే ఫోన్ చేసి మాట్లాడే రేడియాలజిస్టు దగ్గరకు నేనూ రోగులను పంపేవాణ్ణి. పది రోజుల్లో జబ్బు ముదరవచ్చు, అప్పుడు మళ్లీ తీయించడం అవసరమే. అయితే ఈ కారణాలతో మళ్లీ తీయించమనే వైద్యుడు ముందు పాత రిపోర్టు చదువుతాడు. కవరు విప్పనే లేదన్న మాట దగ్గరే నాకు మనసులో గుచ్చుకుంది.

నేను ప్రాక్టీసు పెట్టిన తొలి ఏడాది, ఒక నెలాఖరున ల్యాబు మనిషి వచ్చి మా కాంపౌండరు చేతికి ఒక కవరు ఇచ్చి వెళ్లాడు. అందులో కొంత డబ్బు, దానితోపాటు గీతల నోటుపుస్తకం నుంచి చింపిన ఒక కాగితం ఉన్నాయి. కాగితం మీద వరుసగా నా రోగుల పేర్లు, చేయించిన పరీక్ష, ఆ ఎదురుగా నా వాటా. మధ్యలో ఒకామె పేరు దగ్గర 60 రూపాయలని ఉంది. కొబ్బరి పీచు పనికి వెళ్లే మనిషి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, ఆ రోజు కూలి మానుకుని నా దగ్గరకు వచ్చింది. "ఈ పరీక్ష తప్పదంటారా బాబూ?" అని అడిగితే, తప్పదని చెప్పింది నేనే. ఆ 60 రూపాయలు అప్పట్లో ఆమెకు రెండు రోజుల కూలి.

ఆ కవరు నేను తీసుకున్నాను. అందరూ తీసుకుంటున్నదే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మరుసటి నెలా తీసుకున్నాను. మూడో నెలకు వచ్చేసరికి నేను రాసే చీటీల్లోనే మార్పు కనిపించింది. నీరసమని వచ్చిన మనిషికి కింది కనురెప్ప లాగి చూసి, ఐరన్ మాత్రలిచ్చి, రెండు వారాలకు రమ్మనేవాణ్ణి. అలాంటిది మొదటి రోజే నాలుగు పరీక్షలు రాయడం అలవాటైపోయింది. అబద్ధం చెబుతున్నానని ఒక్కసారి కూడా అనిపించలేదు. ఒక రాత్రి పాత ఓపీ చీటీలు ముందు వేసుకుని, వీటిలో రోగి కోసం రాసినవి ఏవి, కవరు కోసం రాసినవి ఏవి అని వేరు చేయబోయాను. నావల్ల కాలేదు. కమీషన్ వల్ల రోగికి ఖర్చు పెరుగుతుందని అందరికీ తెలుసు. రాసే వైద్యుడికే తన నిర్ణయం మీద నమ్మకం పోతుందన్న సంగతి నాకు ఆ రాత్రి అర్థమైంది.

మూడో కవరు వెనక్కి పంపి, నా వాటాను రోగుల బిల్లులోనే తగ్గించమని అడిగాను. ల్యాబువారు కొంత కాలం అలాగే చేశారు. బళ్ల మీద రోగులను ఎక్కించుకుని తెచ్చే ఆర్‌ఎంపీలకు కూడా ఏమీ ఇవ్వనని చెప్పేసరికి వాళ్లు రావడం మానేశారు, ఓపీ సగానికి పడిపోయింది. దాదాపు ఏడాదిన్నర కష్టంగానే గడిచింది.

నియమాల సంగతికి వస్తే, భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి ప్రవర్తనా నియమావళిలోని 6.4వ నిబంధన ప్రకారం, రోగిని మరొకచోటికి పంపినందుకు గాని, పరీక్షకు నమూనా పంపినందుకు గాని వైద్యుడు కమీషన్ ఇవ్వకూడదు, తీసుకోకూడదు. ఆ మండలి స్థానంలో 2020లో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు ప్రకటించి, అదే నెలలో వాటిని నిలిపివేసింది. దాంతో 2002 నియమావళే తిరిగి అమల్లోకి వచ్చింది. అదే నియమావళి ప్రకారం, మీరు అడిగిన 72 గంటల్లోగా వైద్య రికార్డులు మీకు అందజేయాలి. ఫిర్యాదు చేయాలంటే రాష్ట్ర వైద్య మండలి ఉంది గాని, కమీషన్‌కు రుజువు దొరకడం చాలా కష్టం. అందుకే ఫిర్యాదు కన్నా ముందు అడగడమే మేలని నా అభిప్రాయం.

ఎలా అడగాలంటే, డబ్బు ప్రస్తావన తేకండి. "డాక్టరు గారూ, పాత రిపోర్టులో ఏది సరిపోలేదండి? కొత్తదానిలో ఏం తేలితే వైద్యం మారుస్తారండి?" అని నెమ్మదిగా అడగండి. అవసరం ఉండి రాసిన వైద్యుడికి ఈ రెండింటికీ జవాబు సిద్ధంగా ఉంటుంది, ఒక్క నిమిషం కూడా పట్టదు. ఒకసారి పెన్షను తీసుకునే మాస్టారు ఒకరు నన్ను సరిగ్గా ఇలాగే అడిగారు. జవాబు చెబుతూ చెబుతూ రాసిన రెండు పరీక్షల్లో ఒకటి నేనే కొట్టేశాను. నాకు కోపం రాలేదు, ఆయన మీద గౌరవం పెరిగింది. జవాబు చెప్పకుండా విసుక్కుంటే మాత్రం, మీ కాగితాలు తీసుకుని మరో వైద్యుడికి చూపించండి. స్కానింగు ఎక్కడ తీయించుకోవాలన్నది చివరికి మీ ఇష్టమే.

ఈసారి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితంతోపాటు స్కానింగు బొమ్మలు కూడా పట్టుకెళ్లండి. మీ దగ్గర లేకపోతే పాలకొల్లు సెంటరువారిని అడిగి తీసుకోండి. ఈలోగా అమ్మగారికి జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, నొప్పి పెరుగుతున్నా, ఈ చర్చంతా పక్కన పెట్టి, దగ్గరలో ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.